ఐదు చిల్లుల ప్లగ్గు

చిక్కడపల్లి,
జూన్ 9, 2025.

ఉమాకాంత్ మామయ్యకు మేనకోడలు విజయశ్రీ నమస్కారాలు.

నిన్న ఫోన్ చేస్తే మీరు సగం విని, "కనెక్షన్ ముచ్చట ఫోన్ల చెప్పేది కాదు బిడ్డా. గట్ల చెప్పే ఒకాయన టీవీ కాలపెట్టిచ్చిన. కాయితం మీద రాయి" అని పెట్టేశారు. నారాయణగూడలో టీవీ రిపేరు షాపు మూసి కరీంనగర్ వెళ్లినా మీ పద్ధతులు మారలేదన్నమాట. సరే, రాస్తున్నాను.

నా డీటీపీ దుకాణంలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్ అని మీకు తెలుసు. పదకొండేళ్ల క్రితం ఏదో ఆఫీసు వేలంలో కొన్న పెద్ద డబ్బా. అందులోని తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి వెనకాల ఒక తాళం గుచ్చి ఉంటుంది, అగ్గిపెట్టె అంత. అది కొత్త కంప్యూటర్లలో పట్టదు. చేసిన కంపెనీ ఇప్పుడు లేదు. ఇన్నేళ్లుగా నేను కొట్టిన ఫైళ్లన్నీ ఆ డబ్బాతోనే తెరుచుకుంటాయి. అది పోతే నా దుకాణం పోయినట్టే.

మొన్న దాని లోపలి ఫ్యాన్ ఆగిపోయింది. కోఠికి పట్టుకెళ్తే అంగడాయన మూత తీసి చూసి, "అక్కా, దీన్ని మ్యూజియంల పెట్టుర్రి. గీ ప్లగ్గున్న ఫ్యాన్ ఏడ దొరుకది. జర కొత్తది తీస్కోర్రి" అన్నాడు. అంతే సైజు ఫ్యాన్ మాత్రం దొరికింది, తెచ్చాను. కొత్తదాని ప్లగ్గుకి నాలుగు చిల్లులు. నా పాతదానికి ఐదు. అందులో ఒకటి ఖాళీ, గాడి ఇంకో వైపు. ఒకదాంట్లో ఒకటి పట్టదు.

అశోక్‌నగర్‌లో పాఠాలు చెప్పే వెంకటరామయ్య గారి చరిత్ర నోట్సు, చేత్తో రాసిన ఆరువందల నలభై పేజీలు నా బల్ల మీద ఉన్నాయి. ఆగస్టు పదిహేనుకి పుస్తకం అయిపోవాలి. కాకపోతే నారాయణగూడలోని పెద్ద ప్రెస్సుకి ఇచ్చేస్తానని మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పినవాళ్లే నిజంగా ఇచ్చేస్తారు.

పాత ప్లగ్గు కోసి కొత్త ఫ్యాన్ తీగలకి కలిపితే సరిపోతుందని నాకు అనిపిస్తోంది. ఏ తీగ దేనికో చెప్పండి. నేనే కలుపుతాను. చిన్నప్పుడు మీ షాపులో స్టూలు మీద కూర్చుని స్క్రూలు ఏరిపెట్టిన చేతులే ఇవి.

మీ విజయ.


కరీంనగర్,
జూన్ 13.

చి|| సౌ|| విజయశ్రీకి మామయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నీ డబ్బాకి జ్వరం వచ్చిందని చదివి మీ అత్తయ్య కమల, "పిల్ల పరేషాన్ల ఉన్నది, నువ్వేమో నవ్వబడ్తివి" అని నన్ను తిట్టింది. నవ్వింది డబ్బాని చూసి కాదు, నువ్వు తీగలు అతికించే ఐరన్ పడతానన్నందుకు.

నువ్వు ముట్టకు. సోల్డరింగ్ ఐరన్ అంటే అట్లకాడ కాదు. నా కొడుకు అడిక్‌మెట్‌లోనే ఉన్నాడు కదా, బాలకిషన్ ఆదివారం వచ్చి చూస్తాడు. వాడికి నేను పదేళ్లు నేర్పించాను. బ్యాంకు ఉద్యోగంలో పడ్డాడు గానీ చేతి పని ఎక్కడికీ పోదు.

ఇంకో మాట. ఫోన్లో ఫోటోలు పంపకు. ఫోటోలో రంగులు అబద్ధం చెబుతాయి. తీగ చేతికి రావాలి, అప్పుడే చెప్పగలను.

అప్పటిదాకా మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టుకో.

మామయ్య.


చిక్కడపల్లి,
జూన్ 19.

మామయ్యా,

మీరు పంపిన మెకానిక్ వచ్చి వెళ్లాడు. బాలకిషన్ బావ డబ్బాలోకి టార్చి వేసి చాలాసేపు చూశాడు. రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తిన్నాడు. "విజయా, ల్యాప్‌టాప్ కొనుక్కో. బాపు నేర్పింది నాకు ఒక్కటి యాది లేదు, ఆయనకు చెప్పకు" అన్నాడు. చెప్పేశాను.

టేబుల్ ఫ్యాన్ పెట్టాను. డబ్బా మొదలవుతూనే బీప్‌మని మొత్తుకుని, ఫ్యాన్ కనబడటం లేదని తెర మీద రాసి ఆగిపోతుంది. ఒక మీట నొక్కితే ముక్కుతూ లేస్తుంది. ఇరవై నిమిషాలు కొడతాను, వేడెక్కి దానంతట అదే పడుకుంటుంది. నేను దాని ముందు కూర్చుని అరగంట విసురుతాను. రోజుకు నాలుగు పేజీలు కూడా కావడం లేదు. ఈ లెక్కన వెంకటరామయ్య గారి కాకతీయులు దసరాకి కూడా ఓరుగల్లు చేరరు.

అందుకే నిన్న ఒక పని చేశాను. పాత ఫ్యాన్ ప్లగ్గుని నాలుగు వేళ్ల పొడవు తీగలతో సహా కత్తిరించేశాను. ఇక వెనక్కి పోయేది లేదు. కోసేదాకా భయం, కోశాక మాత్రం భలే హాయిగా అనిపించింది. ఆ ప్లగ్గు ఈ కవర్లోనే ఉంది. కొత్త ఫ్యాన్ తీగలు నలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. దేనికి ఏదో చీటీ కట్టి పంపండి.

కోఠిలో ఐరన్ కొన్నాను, కరెంటు కొలిచే మీటరు కూడా. రెండు రోజులుగా పాత తీగ ముక్కలు అతికిస్తూ నేర్చుకుంటున్నాను. ఒక వేలు కాలింది. నేను ఏడవలేదు.

మీ అక్షరాలేమిటి ఇంత లావుగా ఉన్నాయి? స్కెచ్ పెన్నుతో రాస్తున్నారా? రెండు పేజీల ఉత్తరంలో ఇరవై లైన్లు లేవు. పిసినారి అయిపోయారు.

మీ విజయ.


కరీంనగర్,
జూన్ 26.

విజయా,

కోసేసి అడుగుతున్నావు. మీ అమ్మ మొండితనం అచ్చంగా దిగింది. బాలకిషన్ సంగతి విని నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. పదేళ్లు కదా బిడ్డా.

సరే. ప్లగ్గు చూశాను. ఎండలో పెట్టి చూశాను. నాలుగు తీగలకీ చీటీలు కట్టి పంపుతున్నాను. నలుపు నలుపుకి. నీలం నీలానికి. పసుపు పసుపుకి. మిగిలింది దీంట్లో ఎరుపు, దాంట్లో ఆకుపచ్చ. ఆ రెండూ ఒకదానికొకటి. అంతే.

ఇప్పుడు పద్ధతి. ముందు సోల్డర్ చేయకు. తీగలు మెలిపెట్టి, ఒకదానికొకటి తగలకుండా టేపు వేసి, అప్పుడు కరెంటు ఇచ్చి చూడు. తిరిగితేనే ఐరన్ వెచ్చబెట్టు. తిరగకపోతే స్విచ్చి తీసి కూర్చుని ఆలోచించు. ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, చివరి మాట మీటరుది. బాలకిషన్‌కి ఇదే మాట వెయ్యిసార్లు చెప్పాను.

సోల్డర్ చేసే ముందు ప్రతి తీగకీ అతుకుని కప్పే స్లీవ్ గొట్టం ఎక్కించుకో. అతికించాక గుర్తొస్తే ఎక్కదు. మళ్లీ ఊడదీయాల్సిందే.

వేలికి తేనె రాయమంది మీ అత్తయ్య.

మామయ్య.


చిక్కడపల్లి,
జూలై 3, పొద్దున పదకొండు.

మామయ్యా మామయ్యా,

తిరిగింది.

ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు గానీ రాస్తాను. మొన్న పసుపు తీగని ఎర్ర తీగకి చుట్టి, టేపు వేసి, దండం పెట్టుకుని బటన్ నొక్కాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ రెక్కలు బద్ధకంగా కదిలాయి, కదిలి గర్రున అందుకున్నాయి. బీప్ లేదు. తెర మీద ఏడుపు లేదు. నేను కుర్చీలోంచి లేచి ఎవరికి చెప్పాలో తెలియక ఎదురు జిరాక్సు షాపు సంజనని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. "ఫ్యానే కదక్కా?" అంది. దానికేం తెలుసు.

తర్వాత సోల్డర్ చేశాను. మీరు చెప్పిందే జరిగింది. మొదటి తీగ ముత్యంలా అతికించి, మురిసిపోయి చూస్తుంటే స్లీవ్ గొట్టం బల్ల మీద నన్ను చూస్తోంది. మళ్లీ ఊడదీశాను. మిగతా మూడింటికీ ముందే ఎక్కించాను. ఇప్పుడు నాలుగు అతుకులూ నల్లటి గొట్టాల్లో బుద్ధిగా ఉన్నాయి. ఐదు చిల్లుల ప్లగ్గు బోర్డులో టక్కుమని కూర్చుంది, గాడితో సహా.

నిన్న ఒక్కరోజే ముప్పై ఒక్క పేజీలు కొట్టాను. డబ్బా మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే.

అంతా మీ చీటీల ప్రకారమే చేశాను. మీ చలవే.

మీ విజయ.


కరీంనగర్,
జూలై 8.

విజయా,

నీ ఉత్తరం మీ అత్తయ్య చదివి వినిపించింది. "తిరిగింది" అన్నచోట ఆమె కూడా చప్పట్లు కొట్టింది. నేను ఉత్తరం జేబులో పెట్టుకుని, రోజూ వెళ్లి కూర్చునే దోస్తు ఎలక్ట్రికల్ షాపుకి పోయి నలుగురికీ చూపించాను. నా మేనకోడలు ఉత్తరం చూసి ఫ్యాన్ కట్టింది అని చెప్పుకున్నాను. నా సంతోషం ఎంతో నీకు తెలియదు.

మరుసటి రోజు మీ అత్తయ్యని ఒక లైను మళ్లీ చదవమన్నాను. రెండుసార్లు చదివించాను. "పసుపు తీగని ఎర్ర తీగకి చుట్టి" అని రాశావు. నేను పసుపు పసుపుకి అని చెప్పాను. కింద మళ్లీ నా చీటీల ప్రకారమే చేశానంటావు. రెండూ నిజం కావు.

షాపులో నా ముందు ఎవరూ అబద్ధం ఆడలేదు, కస్టమర్లు తప్ప. ఏం జరిగిందో జరిగినట్టు రాయి.

మామయ్య.


చిక్కడపల్లి,
జూలై 13.

మామయ్యా,

క్షమించండి. మీ దగ్గర అబద్ధం దాగదని స్టూలు మీద కూర్చున్న రోజుల్లోనే తెలుసుకోవాల్సింది.

జరిగింది ఇది. మీ కవరు విప్పగానే చీటీలు చూశాను. "పసుపు" అన్న చీటీ తెల్ల తీగకి ఉంది. మాసిన తెలుపు కూడా కాదు, సున్నం కొట్టిన గోడలాంటి తెలుపు. మామయ్య తప్పు చెయ్యడు, నాకే ఏదో తెలియదు అనుకున్నాను. మీరు చెప్పినట్టే, ఆ తెల్ల తీగని కొత్త ఫ్యాన్ పసుపు తీగకి చుట్టాను. ఎరుపుని ఆకుపచ్చకి చుట్టాను. బటన్ నొక్కాను. బీప్‌మంది. ఫ్యాన్ కదలలేదు.

డబ్బా కాల్చేశానేమో అనుకున్నాను. స్విచ్చి తీసి, మీరు చెప్పినట్టు కూర్చుని ఆలోచించాను. చివరి మాట మీటరుది అన్నారు కదా. తీగలన్నీ విప్పి, ఒక్క ప్లగ్గునే బోర్డుకి పెట్టి, మీటరు నల్ల మొనని నల్ల తీగకి ఆనించి, ఎర్ర మొనతో మిగతావి ఒక్కొక్కటే తాకి చూశాను. ఎర్ర తీగ దగ్గర పన్నెండు వోల్టులు వచ్చాయి. కొత్త ఫ్యాన్ అట్టపెట్టెలో చీమంత అక్షరాల కాగితం ఒకటి ఉంది. అందులో పసుపు తీగే కరెంటు తీసుకునేదని, ఆకుపచ్చ వేగం లెక్క చెప్పేదని రాసి ఉంది. అంటే పసుపు వెళ్లాల్సింది ఎరుపుకి. ఆకుపచ్చ తెలుపుకి. మార్చాను, తిరిగింది.

మీరు చెప్పింది తప్పని రాయడానికి చెయ్యి రాలేదు. కానీ మీరు చెప్పిన మీటరు మాటే నన్ను గట్టెక్కించింది, అది అబద్ధం కాదు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, జరిగింది జరిగినట్టు రాయండి. లావు స్కెచ్ పెన్ను, అత్తయ్య చదివి వినిపించడం, ఎండలో పెట్టి చూడటం. మామయ్యా, మీకు తెలుపు పసుపుగా కనబడుతోందా? ఎన్నాళ్లుగా?

తీగలు సరిచేస్తున్నప్పుడు కత్తిరించిన తెల్ల ముక్క, మీ చీటీతో సహా, ఈ కవర్లో పెడుతున్నాను. ఎవరికైనా చూపించి అడగండి.

మీ విజయ.


చిక్కడపల్లి,
ఆగస్టు 12.

మామయ్యా,

నెల అయింది, మీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే అత్తయ్య, "మీ మామయ్య ఊర్ల లేడు బిడ్డా" అంది. వెనకాల ఊళ్లో లేని మనిషి దగ్గు వినిపించింది. మీ దగ్గు నాకు తెలియదా?

అడగకూడనిది అడిగానేమో అని రోజూ అనుకుంటున్నాను. అయినా అడిగినందుకు బాధ లేదు, మళ్లీ అయినా అడుగుతాను. మీరు మాట్లాడకపోవడమే బాధగా ఉంది.

పుస్తకం అయిపోయింది. మొన్న ఆదివారం చివరి పేజీ కొట్టాను. వెంకటరామయ్య గారు వచ్చి కట్ట చేతుల్లో పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. "ఆ పాత డబ్బా ఇంకా పనిచేస్తోందా అమ్మా? నేను ప్రెస్సు వాళ్లతో మాట్లాడి పెట్టుకున్నానండీ నిజానికి" అన్నారు. నేను మూత తీసి ఫ్యాన్ చూపించాను. ఏది పాత తీగ, ఏది కొత్తది, ఎందుకు పసుపు ఎరుపుకి వెళ్లిందో అంతా చెప్పాను. పాపం, నిలబడి విన్నారు. వచ్చే పుస్తకం కూడా నాకే ఇచ్చారు.

ఇంకో విశేషం. సంజన షాపులో కంప్యూటర్‌కి కూడా ఇదే రోగం వచ్చింది. దాని ప్లగ్గుకి ఆరు చిల్లులు. ఈసారి రంగులు చూడనే లేదు, మీటరుతోనే పోయాను. గంటలో తిరిగింది. ఇప్పుడు అశోక్‌నగర్ పిల్లలు ఇద్దరు, కవాడిగూడ నుంచి ఒకావిడ ఫ్యాన్లు పట్టుకుని వచ్చారు. డీటీపీ దుకాణంలో సోల్డర్ వాసన వస్తోంది. నారాయణగూడ షాపు వాసన అది. రోజూ పొద్దున తలుపు తీయగానే మీరు గుర్తొస్తున్నారు.

కోపంగా ఉంటే కోపంగానే రాయండి. స్కెచ్ పెన్ను అయినా సరే.

మీ విజయ.


కరీంనగర్,
సెప్టెంబరు 4.

చి|| సౌ|| విజయశ్రీకి మామయ్య మనసారా ఆశీస్సులు.

ఈ ఉత్తరం బాల్ పెన్నుతో రాస్తున్నాను. లైన్లు లెక్కపెట్టుకో, పిసినారి అనవు.

నీ జూలై ఉత్తరం చదివించుకున్న రోజు నాకు చాలా కోపం వచ్చింది. నీ మీద కాదు అని ఇప్పుడు అంటాను గానీ, అప్పుడు నీ మీదే. ఆ తీగ ముక్కని బల్ల సొరుగులో పడేశాను. పడేసి, రోజూ తీసి చూసేవాడిని. ప్రతిరోజూ పసుపే. ఒకరోజు మీ అత్తయ్యని పిలిచి, "ఇదేం రంగు?" అన్నాను. "తెలుపు" అంది. అని, ఏమీ అడగకుండా నా పక్కన కూర్చుంది. ఆమెకి ఎప్పుడో తెలుసు.

రెండేళ్లు అయింది బిడ్డా. మొదట దీపాల చుట్టూ పొగ కనబడేది. తర్వాత అన్నీ టీ నీళ్లలో ముంచినట్టు అయ్యాయి. నారాయణగూడలో బిల్డింగు కూల్చేస్తున్నారు కాబట్టి షాపు మూస్తున్నానని అందరికీ చెప్పాను. బిల్డింగు మాట నిజమే, కానీ పక్క సందులో ఇంకో షాపు కిరాయికి దొరికింది. నేనే తీసుకోలేదు. రంగులు తెలియని వాడు మెకానిక్ ఏంటి? ఎవరికైనా తెలిస్తే నలభై ఏళ్ల పేరు పోతుందని భయపడ్డాను. ఆ భయంతోనే నీకు తప్పు చీటీలు కట్టాను. నీ డబ్బా కాలిపోయి ఉంటే నీ దుకాణం నా వల్లే మూతపడేది.

ఆగస్టు ఇరవైన కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పావుగంట పని, దానికి రెండేళ్లు దాక్కున్నాను. కట్టు విప్పగానే ఆ తీగ ముక్క ఇమ్మన్నాను. నర్సు నర్సింహమ్మ, "ఏంది తాతా, ఇంట్లోళ్లను చూడవా?" అంది. చేతిలో పెట్టారు. తెల్లగా ఉంది విజయా. నా చేత్తో "పసుపు" అని రాసిన చీటీ దాని మెడకి వేలాడుతోంది, అది నవ్వొచ్చేంత తెల్లగా ఉంది. నేను నవ్వాను, తర్వాత ఏడ్చాను. కంట్లో నీళ్లు రావద్దని నర్సు తిట్టింది. మీ అత్తయ్య చీర ఆకుపచ్చ అనుకున్నాను, నీలమట.

ఇంకొకటి రాయాలి. నువ్వు స్టూలు మీద కూర్చున్న రోజుల్లో ఐరన్ అడిగేదానివి. చెయ్యి కాలుతుందని ఇచ్చేవాడిని కాదు. అసలు కారణం అది కాదు. ఆడపిల్ల షాపులో ఐరన్ పడితే చూసినవాళ్లు ఏమనుకుంటారోనని. బాలకిషన్ గోడవైపు చూస్తుంటే వాడికి చెప్పేవాడిని, నువ్వు స్క్రూలు ఏరుతూ వినేదానివి. నీ ఉత్తరంలో మీటరు సంగతి విన్నప్పుడు అర్థమైంది, పదేళ్లు విన్నది ఎవరో. నేను తప్పు చేశాను. అడగకుండానే చెబుతున్నాను.

ఎడమ కంటికి వచ్చే నెల. అది కాగానే చిక్కడపల్లి వస్తాను. ఆ ఆరు చిల్లుల ప్లగ్గు నేను చూడాలి, నువ్వు చెప్పాలి.

నా ఐరన్ బాలకిషన్ చేత పంపిస్తున్నాను. నారాయణగూడ షాపుదే, చెక్క పిడిది, దాని మీద నా బొటనవేలు పెట్టే చోట నల్ల మచ్చ ఉంటుంది. మొన కొత్తది వేశాను, నేనే చూసి వేశాను. ఆ కోఠి ఐరన్ పక్కన పెట్టెయ్. వాడికి బజ్జీలు ఒక్క ప్లేటే పెట్టు.

మామయ్య.